సరుగుడు తోట ఊరి నీళ్లు తాగేస్తోందా? చెట్టు తాగే నీటిని ఎలా కొలుస్తారు, ఆ లెక్క ఎక్కడ తడబడుతుంది

"ఏమండీ, మీరు సరుగుడు వేశాకే మా ఫిల్టర్ పాయింట్‌లో నీళ్లు తగ్గాయండి." కోనసీమ తీరం వెంబడి ఇసుక భూములున్న ఊళ్లలో ఎండలు ముదిరేసరికి ఈ తరహా మాట పుడుతుంది. ఫిల్టర్ పాయింట్ అంటే ఇసుక నేలలో పైపైనే దింపే చిన్న బోరు. అవతలివాళ్ల దగ్గర జవాబు సిద్ధంగానే ఉంటుంది: "మొక్క నిలబడ్డాక మేం ఒక్క తడి కూడా పెట్టలేదు కదండీ, మీ నీళ్లు మేమెక్కడ తాగాం?" మెట్ట వైపు వెళ్తే ఇదే తగువు జామాయిల్ మీద నడుస్తుంది. పట్నంలో అయితే డివైడర్ల మీద నాటిన కోనోకార్పస్ మీద. ఈలోగా ఫోన్లో ఒక మెసేజ్ తిరుగుతూ ఉంటుంది: ఫలానా చెట్టు రోజుకు వంద లీటర్లు తాగుతుంది, వెంటనే నరికేయండి అని.

ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. మెసేజ్‌లో ఉన్నది మాత్రం దాదాపు అర్థం లేని అంకె. ఎందుకో తెలియాలంటే చెట్టు తాగిన నీటిని ఎలా కొలుస్తారో ముందు చూడాలి.

తాగిన నీరు ఎటు పోతుంది

వేళ్లు పీల్చిన నీటిలో చెట్టు తన ఒంట్లో దాచుకునేది బహు తక్కువ. నూటికి తొంభై అయిదు వంతులకు పైగా ఆకుల అడుగున ఉండే సన్నని పత్రరంధ్రాల గుండా ఆవిరిగా బయటికి పోతుంది. బడి పుస్తకాల్లో దీన్నే బాష్పోత్సేకం అని చదువుకున్నాం. చెట్టు దీన్ని సరదాకి చేయదు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ లోపలికి రావాలంటే రంధ్రాలు తెరవాలి, తెరిస్తే లోపలి తడి బయటికి పోతుంది. పిండిపదార్థం తయారీకి చెట్టు కట్టే సుంకం ఇది.

ఆకు నుంచి ఆవిరి పోతున్నకొద్దీ కింది నీరు పైకి లాగబడుతుంది. పంపు లేదు, మోటారు లేదు. నీటి అణువులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉండే బలంతో కాండంలోని సన్నని నాళాల్లో నీరు తెగని తీగలా సాగుతుంది. ఈ వివరణను డిక్సన్, జోలీ అనే ఇద్దరు 1894లో ముందుకు తెచ్చారు. అంతకు చాలా ముందే, 1727లో అచ్చయిన పుస్తకంలో, స్టీఫెన్ హేల్స్ అనే ఇంగ్లండు మతాచార్యుడు కొలత దగ్గర మొదలుపెట్టాడు. పొద్దుతిరుగుడు మొక్క ఉన్న కుండీ మీద మట్టి తడి ఆరిపోకుండా సీసపు రేకు బిగించి, కుండీని పొద్దున్నా సాయంత్రం తూచాడు. తగ్గిన బరువే మొక్క వదిలిన నీరు. ఇంతకన్నా నమ్మదగిన పద్ధతి ఈనాటికీ లేదు. చిక్కల్లా, నలభై అడుగుల చెట్టుని కుండీలో పెట్టి తూచడం ఎలా అన్నదే.

వానాకాలం లెక్కలో మరో పద్దు కూడా కలుస్తుంది. వాన పడ్డప్పుడు కొంత నీరు ఆకుల మీద, కొమ్మల మీద నిలిచి నేలకు చేరకుండానే ఆరిపోతుంది. ఇది చెట్టు తాగింది కాదు, కానీ భూమికీ దక్కలేదు. తోట వల్ల నీరు ఎంత పోయింది అని అడిగితే దీన్ని కలపాలి, చెట్టు ఎంత తాగింది అని అడిగితే కలపకూడదు. సగం వాదనలు ఈ రెండు ప్రశ్నల్నీ కలిపేయడం వల్లే సాగుతుంటాయి.

"రోజుకు వంద లీటర్లు": ఎకరానికి మార్చి చూస్తే

చెట్టుకు ఇన్ని లీటర్లు అన్న అంకె అబద్ధమే కానక్కర్లేదు. ప్రపంచంలో అప్పటిదాకా జరిగిన కొలతల్ని 1998లో ముగ్గురు శాస్త్రవేత్తలు ఒకచోట చేర్చారు. 67 జాతుల చెట్లలో పది కొలతలకు తొమ్మిది, రోజుకు 10 నుంచి 200 లీటర్ల మధ్య పడ్డాయి. అన్నిటికన్నా ఎక్కువ తాగింది అమెజాన్ అడవిలోని ఒక మహావృక్షం, రోజుకు 1,180 లీటర్లు. అంటే వంద లీటర్లు తాగే చెట్లు నిజంగానే ఉన్నాయి. అవి సగటున 21 మీటర్ల ఎత్తుండే పెద్ద చెట్లు, విశాలంగా చోటు తీసుకుని బతికేవి.

ఇప్పుడు మన సరుగుడు తోటకి వద్దాం. మీటరున్నర దూరంలో మొక్క నాటితే ఎకరానికి సుమారు 1,800 మొక్కలు పడతాయి. ఒక్కోటి వంద లీటర్లు తాగితే ఎకరం తోట రోజుకు లక్షా ఎనభై వేల లీటర్లు తాగాలి. ఎకరం 4,047 చదరపు మీటర్లు కాబట్టి, ఎకరమంతా ఒక్క మిల్లీమీటరు నీరు నిలిస్తే అది 4,047 లీటర్లు. ఈ ఒక్క అంకె గుర్తుంటే చాలు, ఎవరి మెసేజ్‌నైనా నిలదీయవచ్చు. లక్షా ఎనభై వేలను దానితో భాగిస్తే 44 మిల్లీమీటర్లు వస్తుంది. ఓ గట్టి వానంత నీరు, ప్రతిరోజూ!

ఇది జరగదు. జరగదని చెప్పడానికి చెట్టు దగ్గరికి వెళ్లక్కర్లేదు, ఎండ లెక్క వేస్తే చాలు. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి దాదాపు 2.45 మెగాజౌళ్ల శక్తి కావాలి. మన తీరంలో మబ్బులేని వేసవి రోజున చదరపు మీటరు తోటకు మిగిలే శక్తి సుమారు 15 మెగాజౌళ్లు. భాగిస్తే ఆరు లీటర్లు, అంటే ఆరు మిల్లీమీటర్లు. పక్కనుంచి వేడి పొడిగాలి కొడితే ఇంకాస్త పెరగొచ్చు. అంతేగాని నలభై నాలుగు కాదు. తోట నాలుగు మిల్లీమీటర్లు వదిలిందనుకుంటే చెట్టు వాటాకి వచ్చేది తొమ్మిది లీటర్లు.

తిరగేసి చూసినా ఇదే పాఠం. ఆయిల్‌పామ్ చెట్టుకు రోజుకు 200 లీటర్లు అంటే గుండె గుభేలుమంటుంది. కానీ తొమ్మిది మీటర్ల దూరంలో త్రికోణం పద్ధతిలో నాటితే ఎకరానికి 57 చెట్లే. మొత్తం 11,400 లీటర్లు, మూడు మిల్లీమీటర్లకు లోపు. తొమ్మిది లీటర్లు తాగే సరుగుడు తోట ఎకరం లెక్కన, రెండొందల లీటర్లు తాగే ఆయిల్‌పామ్ తోటకన్నా ఎక్కువ తాగుతోందన్నమాట. చెట్టుకు లీటర్లు అన్న కొలమానం చెట్టు సైజు గురించి చెబుతుంది, ఊరి నీటి గురించి కాదు.

కాండంలో పారే నీటిని సూదులతో పట్టుకోవడం

ఎండ లెక్క పైకప్పు ఎంతో చెబుతుంది. దానికింద నిజంగా ఎంత తాగిందో తెలియాలంటే కాండంలోకి చూడాలి. ఇప్పుడు అడవుల్లో ఎక్కువగా వాడేది 1985లో ఆంద్రే గ్రానియే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త రూపొందించిన పద్ధతి.

సామాను చాలా తక్కువ. రెండు సెంటీమీటర్ల పొడవున్న రెండు లోహపు సూదులు, చిన్న బ్యాటరీ, అంకెలు రాసుకునే ఒక పెట్టె. కాండం మీద బెరడు కొద్దిగా చెక్కి, ఒకదానిపైన ఒకటిగా రెండు సన్నని రంధ్రాలు వేసి సూదులు దించుతారు. పై సూదిలో చిన్న హీటరు ఎప్పుడూ వేడెక్కుతూ ఉంటుంది. కింది సూది మామూలుగా ఉంటుంది. రెండింటి మధ్య వేడి తేడాను కొలుస్తారు. రాత్రి నీరు కదలదు కాబట్టి పై సూది బాగా వేడెక్కి తేడా ఎక్కువగా ఉంటుంది. పొద్దెక్కి నీరు పైకి పారడం మొదలయ్యాక, వేడి టీని ఊదితే చల్లారినట్టు, ఆ ప్రవాహం సూది వేడిని మోసుకుపోతుంది. తేడా ఎంత తగ్గితే నీరు అంత జోరుగా పారుతున్నట్టు.

ఒక ఊహాజనిత సరుగుడు చెట్టు మీద లెక్క వేసి చూద్దాం. రాత్రి తేడా 10 డిగ్రీలు, మధ్యాహ్నం 7 డిగ్రీలు. తగ్గిన 3ని మిగిలిన 7తో భాగిస్తే 0.43. దీన్ని గ్రానియే సూత్రంలో పెడితే నీరు గంటకు 15 సెంటీమీటర్ల లెక్కన పారుతోందని వస్తుంది. కాండం అడ్డకోతలో నీరు పారే భాగం 60 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే, గంటకు సుమారు 900 మిల్లీలీటర్లు. పొద్దున్నా సాయంత్రం జోరు తక్కువ కాబట్టి రోజు మొత్తానికి ఆరు లీటర్ల దగ్గర ఆగుతుంది. ఎకరానికి 1,800 చెట్లు అంటే 10,800 లీటర్లు, 2.7 మిల్లీమీటర్లు. ఎండ పెట్టిన హద్దుకు లోపలే ఉంది, లెక్క కుదిరింది.

కుదిరిందని సంతోషించేలోపే అనుమానాలు బయలుదేరతాయి. రాత్రి నీరు అసలు కదలదు అన్న నమ్మకం మీద ఈ లెక్కంతా నిలబడింది. సముద్రపు గాలి రాత్రంతా వీచే తీరంలో, పగలు లోటుపడ్డ కాండాన్ని నింపుకోవడానికి నీరు రాత్రి కూడా కొంత కదలవచ్చు. అసలైన సున్నా దగ్గర తేడా 10 కాక 10.5 డిగ్రీలు ఉండాల్సిందనుకోండి. అప్పుడు గంటకు 15 కాదు, 18 సెంటీమీటర్లు వస్తుంది. అర డిగ్రీ పొరపాటుకు నీటి లెక్క అయిదో వంతు పెరిగిపోయింది.

ఇంకో ఇబ్బంది సూది ఎక్కడ దిగిందన్నది. వడ్రంగి కోసిన మొద్దును చూస్తే మధ్యలో ముదురు రంగు చేవ, చుట్టూ తెల్ల చెక్క కనిపిస్తాయి. నీరు పారేది తెల్ల చెక్కలోనే. అందులోనూ బెరడుకు దగ్గరగా జోరు ఎక్కువ, లోపలికి పోయేకొద్దీ తక్కువ. పెద్ద చెట్టులో రెండు సెంటీమీటర్ల సూది జోరుగా పారే చోటును మాత్రమే చూసి, అదే జోరు లోపలంతా ఉందనుకుంటే లెక్క ఉబ్బుతుంది. సన్న చెట్టులో సూది మొన చేవలోకి దిగితే లెక్క కుంగుతుంది. ఎండపడే వైపుకీ నీడ వైపుకీ కూడా తేడా ఉంటుంది. వీటన్నిటికీ తోడు, గ్రానియే సూత్రం అన్ని జాతులకూ ఒకేలా పనిచేయదు. 2010లో బీచ్ చెట్టు ముక్కల గుండా తెలిసిన మోతాదులో నీరు పంపి పరీక్షిస్తే, ఈ పద్ధతి సగటున అసలు ప్రవాహంలో సగం కూడా చూపించలేదు.

అందుకే జాగ్రత్తపరులు ముందు అదే జాతి కాండం ముక్కను కోసి, కొలిచిన నీరు దాని గుండా పంపి, తమ సూదులకు తామే సూత్రం సరిచేసుకుంటారు. ఎండుతున్న చెట్టు, బలిసిన చెట్టు, మధ్యరకం అన్నిటికీ సూదులు పెడతారు. ఒక్క చెట్టుకు సూదులు గుచ్చి మొత్తం తోట గురించి మాట్లాడేవాళ్లను నమ్మనక్కర్లేదు. ఇవేవీ పట్టని పని ఒకటి మాత్రం ఈ సూదులు చక్కగా చేస్తాయి: ఇదే చెట్టు నిన్నటికన్నా ఇవాళ, తడి పెట్టకముందుకన్నా పెట్టాక, ఎక్కువ తాగిందా తక్కువ తాగిందా అని చెప్పడం. పోలికకు బలం ఎక్కువ, అసలు అంకెకు తక్కువ.

కొబ్బరి, మడ: సూదుల్ని తికమకపెట్టే మన చెట్లు

డెల్టాకు పేరు తెచ్చిన చెట్లే ఈ పద్ధతికి లొంగవు. కొబ్బరి, తాడి, ఆయిల్‌పామ్ కాండాల్లో తెల్ల చెక్క, చేవ అన్న విభజనే లేదు. కొబ్బరి మొద్దును అడ్డంగా కోస్తే చుక్కలు చుక్కలుగా కనబడే పీచుకట్టలన్నీ నీటిగొట్టాలే. సూది ఒక కట్టకు తగిలిందా, రెండింటి సందున దిగిందా అన్నదాన్నిబట్టి అంకె మారుతుంది. ఇండోనేషియాలోని సుమత్రాలో ఆయిల్‌పామ్‌ను కొలిచినవాళ్లు ఈ బాధ తప్పించుకోవడానికి సూదుల్ని కాండంలో కాక మట్టల మొదళ్లలో గుచ్చారు. ప్రతి మట్ట తాగింది కొలిచి, మట్టల సంఖ్యతో హెచ్చవేశారు. ఎన్ని మట్టలు కొలిస్తే చెట్టు లెక్క సరిగ్గా వస్తుందన్నది మళ్లీ వేరే లెక్క.

కోరింగ మడ అడవి సంగతి ఇంకా విచిత్రం. సముద్రపు నీటిలోని ఉప్పు నీటిని పట్టి ఉంచుతుంది. దాని నుంచి మంచినీటిని లాగాలంటే వాతావరణ పీడనానికి పాతిక రెట్ల బలం కావాలి. 1965లో షోలాండర్ అనే శాస్త్రవేత్త బృందం మడ కొమ్మల్ని కోసి, ఉక్కు గదిలో బిగించి, కోసిన చోట నీరు ఉబికేదాకా గ్యాస్ ఒత్తిడి పెంచి చూసింది. ముప్పై, కొన్నిటిలో అరవై రెట్ల దాకా బలంతో ఆ చెట్లు నీరు లాగుతున్నట్టు తేలింది. ఎత్తయిన చెట్ల చిటారు కొమ్మలు కావాల్సి వచ్చినప్పుడు ఆ బృందం తుపాకీతో కాల్చి పడగొట్టించింది. పరిశోధన గ్రాంటులో తూటాల ఖర్చు ఏ పద్దు కింద రాశారో తెలుసుకోవాలని నాకు ఇప్పటికీ ఉంది.

ఇంత కష్టపడి తెచ్చుకున్న నీటిని మడ చెట్టు పొదుపుగా వాడుతుంది. చొల్లంగి వైపు తెల్లమడ ఆకును ఎండవేళ దగ్గరగా చూస్తే పైన సన్నని తెల్లటి పలుకులు మెరుస్తుంటాయి, నాలుకకు తగిలిస్తే ఉప్పగా ఉంటాయి. వేరు దగ్గర చాలా ఉప్పును వడగట్టగా తప్పించుకుని వచ్చిన కొంచెం అది. ఆకులోని గ్రంథులు దాన్ని బయటికి తోసేస్తాయి. సూదులతో కొలుద్దామంటే, తెల్లమడ, నల్లమడ కాండాల్లో నీరు పారే చెక్క ఒక్క వలయంగా ఉండదు. చెక్క, పోషక కణజాలం, మళ్లీ చెక్క, ఇలా పొరలు పొరలుగా ఉంటుంది. బెరడు దగ్గరే జోరు ఎక్కువన్న మామూలు సూత్రాన్ని ఇక్కడ గుడ్డిగా పెట్టలేం. పైగా ఆ నీరు ఎవరి బోరులోదీ కాదు గనక, మడ అడవి మీద నీటి తగువు రాదు.

తోటను మొత్తంగా కొలవడం

చెట్టు చెట్టునూ గుచ్చే బదులు పైనుంచి చూడొచ్చు. తోటకన్నా ఎత్తైన స్తంభం కట్టి, దాని మీద గాలి పైకీ కిందకీ కదిలే వేగాన్నీ, అందులోని తేమనీ సెకనుకు పది, ఇరవై సార్లు కొలిచే పరికరాలు పెడతారు. తేమ గల గాలి పైకి, పొడిగాలి కిందికి పోతుంటే ఆ తేడాయే తోట వదిలిన ఆవిరి. మంచి పద్ధతే, కానీ చుట్టూ ఒకే రకం పంట చాలా దూరం ఉండాలి. రెండెకరాల సరుగుడు, పక్కన రొయ్యల చెరువు, ఆ పక్కన కొబ్బరి ఉన్న మన ఊళ్లలో ఆ స్తంభం ఎవరి ఆవిరిని కొలుస్తోందో చెప్పడం కష్టం. ఉపగ్రహాలు నేల వేడిని చూసి లెక్క కడతాయి. ఆవిరి ఎక్కువ పోయే చోటు చల్లగా ఉంటుంది. వానాకాలం మబ్బులు పట్టాయంటే వాటికీ కళ్లు మూసుకుపోతాయి. హేల్స్ పద్ధతికి వారసులూ ఉన్నారు. నెదర్లాండ్స్‌లోని కాస్ట్రికమ్ దగ్గర 1941లో ఇసుకతో నింపిన పెద్ద పెద్ద కాంక్రీటు తొట్లు కట్టి, ఒకదాంట్లో ఓక్, ఒకదాంట్లో పైన్, ఒకదాంట్లో తుప్పలు పెంచి, ఇంకోదాన్ని ఖాళీ ఇసుకగా వదిలి, అడుగున దిగిన నీటిని ఏళ్ల తరబడి కొలిచారు.

జామాయిల్ తగువు: ఒకే చెట్టు, రెండు తీర్పులు

మన దేశంలో ఈ గొడవ ముదిరింది జామాయిల్ మీద. 1980ల్లో కర్ణాటకలో ఇయాన్ కాల్డర్ అనే బ్రిటిష్ జలశాస్త్రవేత్త అక్కడివాళ్లతో కలిసి కొలతలు చేశాడు. భారజలాన్ని, అంటే బరువైన హైడ్రోజన్ ఉన్న నీటిని, కాండంలోకి ఎక్కించి, అది ఆకుల్లోంచి ఎన్ని రోజుల్లో ఎంత పలచబడి బయటికి వస్తుందో చూసే పద్ధతి అది. మట్టి లోతు మూడు మీటర్లు ఉన్నచోట జామాయిల్ తాగిన నీరు పక్కనున్న సహజ అడవి తాగిన నీటికి మించలేదు. ఏడాది వాన ఎంతో అంతే తాగింది. వనశాఖలవాళ్లు, కాగితం మిల్లులవాళ్లు ఈ ఫలితాన్ని చూపిస్తారు. కానీ హోసకోటె దగ్గర మట్టి లోతుగా ఉన్న చోట, వరుస కరువు ఏళ్లలో అదే జామాయిల్ ఎనిమిది మీటర్ల లోతు దాకా వేళ్లు దించి, పడిన వానకన్నా ఎక్కువ తాగింది. పాత నిల్వను తోడేసిందన్నమాట. రైతు సంఘాలు చూపించేది ఈ ఫలితాన్ని.

నీలగిరి కొండల్లో మరో రకంగా చూశారు. పక్కపక్కనే ఉన్న రెండు గడ్డి లోయల్లో ఒకదాన్ని వదిలేసి రెండోదాని కొంత భాగంలో జామాయిల్ వేస్తే, మొదటి పదేళ్లలో వాగు నీరు 16 శాతం తగ్గింది. నరికాక చిగురు వేసిన రెండో పంటలో తగ్గుదల 25 శాతానికి చేరింది. ప్రపంచవ్యాప్తంగా 94 వాగుల ప్రయోగాలను కలిపి 1982లో వేసిన లెక్క కూడా అటే చూపింది: పరీవాహకంలో పదో వంతు భూమి పైన్, జామాయిల్ కిందికి వస్తే ఏడాదికి సుమారు 40 మిల్లీమీటర్ల ప్రవాహం తగ్గుతుంది. దక్షిణాఫ్రికా 1998 నీటి చట్టంలో కలప తోటల్ని ప్రవాహం తగ్గించే పనిగా గుర్తించి లైసెన్సు పెట్టింది. కర్ణాటక 2017లో కొత్త జామాయిల్ నాట్లను నిషేధించింది.

జామాయిల్‌ను వెనకేసుకొచ్చేవాళ్ల వాదనలో తీసిపారేయలేనిది ఇంకొకటుంది. ఒక లీటరు నీటికి అది ఇచ్చే కలప చాలా చెట్లకన్నా ఎక్కువ. కలప కావాల్సిందే అయితే, తక్కువ కలపనిచ్చే చెట్టును రెట్టింపు భూమిలో పెంచి సాధించేదేమిటని వాళ్ల ప్రశ్న. ఎకరం లెక్కన చూస్తే దోషి, టన్ను కలప లెక్కన చూస్తే పొదుపరి. రెండు లెక్కలూ సరైనవే. బోరు ఎండినవాడికి టన్ను లెక్కతో పనిలేదు.

డెల్టాలో అసలు ప్రశ్న: ఏ పంట బదులు?

నీలగిరి వాగుల లెక్కను తెచ్చి కోనసీమ మీద పెట్టడం కుదరదు. అక్కడ నీరంటే కొండమీద పడిన వాన. ఇక్కడ 1852లో కాటన్ కట్టించిన ఆనకట్ట నాటి నుంచి ధవళేశ్వరం మీదుగా కాలువల్లో బయటి నీరు వచ్చి పడుతోంది. పది లక్షల ఎకరాల ఆయకట్టులో నీరు నేల మీద నిలుస్తోంది, లోపలికి ఇంకుతోంది. వేసవిలో కాలువలు కట్టేస్తారు. నేల బల్లపరుపు, నీరు పైపైనే తగులుతుంది.

ఇప్పుడు మూడు రకాల భూమిలో సరుగుడు వేసి చూద్దాం. అంకెలు ఉదాహరణకే. తోట రోజుకు సగటున 3 మిల్లీమీటర్లు తాగితే ఏడాదికి 1,095. వరి చేను నుంచి రోజుకు 6 మిల్లీమీటర్లు ఆవిరైతే, 120 రోజుల పంటకు 720. సార్వా (వానాకాలం), దాళ్వా (రబీ) రెండూ పండే భూమిలో 1,440. కాబట్టి రెండు పంటల వరి తీసేసి సరుగుడు వేస్తే ఆవిరయ్యే నీరు తగ్గుతుంది. ఒక్క సార్వా పండి తర్వాత బీడుగా ఉండే భూమిలో వేస్తే పెరుగుతుంది. ఏమీ లేని ఇసుక దిబ్బ మీద వేస్తే ఖాయంగా, ఎక్కువగా పెరుగుతుంది. "సరుగుడు నీళ్లు తాగుతుందా" అన్నదానికి ఊరూరికీ జవాబు మారడం ఇందుకే.

కాలమూ చూడాలి. వరి తాగేది కాలువ పారుతున్నప్పుడు. చెట్టు ఏప్రిల్, మే నెలల్లో, కాలువలు కట్టేసి పొరుగువాడి మోటారు ఆడుతున్న రోజుల్లో కూడా తాగుతూనే ఉంటుంది. ఏడాది లెక్కలో తక్కువ తాగిన తోట ఆ రెండు నెలల లెక్కలో ఎక్కువ తాగి ఉండొచ్చు.

ఈ మూడు లెక్కల్లోనూ కనబడనిది ఒకటుంది, నా దృష్టిలో తగువు ముడి దాని దగ్గరే పడింది. వరి చేలో నిలిచిన నీరు ఆవిరి కావడమే కాదు, రోజుకు రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున భూమిలోకి దిగుతుంది కూడా. పంటకాలంలో అది 240 నుంచి 360 మిల్లీమీటర్లు. ఇసుక నేలల్లో ఇంకా ఎక్కువ. పొరుగువాడి ఫిల్టర్ పాయింట్‌ను ఇన్నాళ్లూ నింపింది ఆ ఊటే. వరి తీసేసి సరుగుడు వేసినవాడు "నేను తడి పెట్టడం లేదు" అన్నది అక్షరాలా నిజం. పాయింట్‌లో నీరు తగ్గిందన్నదీ నిజమే కావొచ్చు. చెట్టు తాగినందుకు కాక, చేలో నీరు నిలవడం ఆగినందుకు తగ్గి ఉండొచ్చు. సూదులు ఎన్ని గుచ్చినా ఈ సంగతి బయటపడదు, ఎందుకంటే అది చెట్టులో జరిగింది కాదు.

తీరంలో ఇది చిన్న విషయం కాదు. ఇసుక దిబ్బల కింద మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. రెండింటి బరువుల తేడా వల్ల, సముద్రమట్టానికి ఒక మీటరు పైన మంచినీరు ఉంటే దాని కింద సుమారు 40 మీటర్ల దాకా మంచినీరు నిలబడగలదు. అదే లెక్కన పైమట్టం శాశ్వతంగా పది సెంటీమీటర్లు తగ్గితే, నిదానంగా కింది ఉప్పునీరు నాలుగు మీటర్లు పైకి జరుగుతుంది. కారణం చెట్టయినా, మోటారయినా, ఆగిన ఊట అయినా ఫలితం ఒకటే.

ఇసుకలో దింపిన గొట్టం చెప్పే సాక్ష్యం

నీరు పైపైనే తగిలే మన తీరానికి తగిన పాత పద్ధతి ఒకటుంది. అమెరికాలో యూటా రాష్ట్రంలోని ఒక లోయలో డబ్ల్యూ.ఎన్. వైట్ 1932లో వివరించినది. తోటలో నీటిమట్టం దాకా చిల్లుల గొట్టం దింపి, అందులో మట్టాన్ని పావుగంటకోసారి రాసుకునే పరికరం వేలాడదీస్తారు. వేళ్లు ఆ నీటిని నేరుగా అందుకుంటుంటే, పొద్దెక్కాక మట్టం దిగుతుంది, సాయంత్రానికి ఆగుతుంది, రాత్రి చుట్టుపక్కల నుంచి ఊరి మళ్లీ కొంత పైకొస్తుంది. గ్రాఫు మీద రోజుకొక మెట్టు పడుతుంది.

అర్ధరాత్రి నుంచి నాలుగింటి దాకా చెట్టు తాగదు అనుకుంటే, ఆ వేళలో మట్టం పెరిగిన వేగమే ఊట వేగం. గంటకు ఒక మిల్లీమీటరు పెరిగిందనుకుందాం. రోజంతటికీ 24. రోజు గడిచేసరికి మట్టం నికరంగా ఇంకో 6 తగ్గింది. మొత్తం 30. కానీ ఇసుకలో అంతా నీరే ఉండదు, రేణువుల సందుల్లోంచి జారి వచ్చేంతే లెక్క. అది నూటికి 15 పాళ్లు అయితే తోట తాగింది 4.5 మిల్లీమీటర్లు. పది పాళ్లే అయితే 3. ఇరవై అయితే 6. ఈ ఒక్క అంకె తప్పితే చెట్టు నిర్దోషి నుంచి ముద్దాయికి మారిపోతుంది. అందుకని ఆ ఇసుకను తెచ్చి ప్రయోగశాలలో పరీక్షించక తప్పదు.

సముద్రం దగ్గరైతే పోటు, పాటు కూడా గొట్టంలో కనబడతాయి. రోజుకు రెండుసార్లు వచ్చే ఆ ఎగుడుదిగుడును తీసేయడానికి తోటకు దూరంగా, తీరం నుంచి అంతే దూరంలో, బయలు ఇసుకలో ఇంకో గొట్టం పెట్టి దాన్ని దీంట్లోంచి తీసివేయాలి. మరో గొట్టం దగ్గర్లోని వరి చేను గట్టున ఉంటే, చేలో నీరు పెట్టిన రోజుల్లోనూ తీసేసిన రోజుల్లోనూ ఊట ఎంత మారిందో తెలుస్తుంది.

మోటారు కూడా ఈ గ్రాఫు మీద దొరికిపోతుంది. చెట్టు గీసే గీత ఎండతో పాటు మెల్లగా వంగి, మబ్బు పట్టిన రోజు పలచబడి, చీకటి పడ్డాక మెల్లగా లేస్తుంది. ఫిల్టర్ పాయింట్ గీసే గీత త్రీఫేజ్ కరెంటు వచ్చిన నిమిషాన నిట్టనిలువుగా పడి, కరెంటు పోయిన నిమిషాన లేవడం మొదలుపెడుతుంది.